ఎదురుగా కూచో అబ్బాయ్

మొదటి రోజు నేను కుర్చీ ఎక్కడ వేసుకోవాలో కూడా ఆయనే చెప్పాడు. తీగలు పొట్టిగా ఉన్నాయని కంప్యూటర్ పక్కన, గోడ వైపు వేసుకున్నాను. "అక్కడ కాదు, నా ఎదురుగా కూచో అబ్బాయ్. మొహం కనపడకపోతే కథ ఎవడికి చెప్పాలి?" అన్నాడు. కథ చెప్పేవాడి మాట అది. నాకు నచ్చింది. తెర ఎడమ పక్కకి, ఆయన ఎదురుగా వచ్చేలా కుర్చీ జరుపుకున్నాను. ఇద్దరికీ మధ్య మూడడుగులుంటుందేమో.

ఆయన మా అమ్మ పుట్టిన ఊరి మనిషి. తెనాలి నుంచి గంట ప్రయాణం. అమ్మ ఆయన్ని బాబాయ్ అంటుంది, నేను తాతయ్యా అంటాను. పదహారో ఏట తంబూరా భుజానికెత్తుకున్నాడు, ఇప్పుడు డెబ్భై ఎనిమిది. బుర్రకథలో కథకుడికి రెండు పక్కలా డక్కీలు వాయిస్తూ ఇద్దరు వంతలుంటారు. ఆయనకి ఒక వంత పోయి చాలా కాలమైంది. రెండో వంత సొంత తమ్ముడే. బొబ్బిలి కథ వీళ్ళు మూడు రాత్రులు చెప్పేవారు. బుర్రకథకుడు షేక్ నాజర్ గారి ఊరు పొన్నెకల్లు మాకు మరీ దూరం కాదు. 1986లో ఆయనకి పద్మశ్రీ వచ్చినప్పుడు ఈ చుట్టుపక్కల కథకులంతా తమకే వచ్చినట్టు పండగ చేసుకున్నారని తాతయ్య చెప్పేవాడు. ఆ మూడు రాత్రుల కథ ఎక్కడా కాగితం మీద లేదు. ఆయన గొంతులో ఉంది, తమ్ముడి చేతిలో ఉంది, అంతే.

దాన్ని రికార్డు చేద్దామంటే పట్నంలో స్టూడియో గంటకింత అని తీసుకుంటుంది. గంటల లెక్కన చెప్పించుకుంటే అది బుర్రకథ కాదు. అందుకని యంత్రమే ఊరికి తీసుకెళ్ళాను. పని అయ్యాక అక్కడే ఉంచేద్దామని, ఆయన మనవరాలు డిగ్రీ చదువుతోంది కాబట్టి తనకి నేర్పి మిగతా కథలు తనచేతే ఎక్కించుకోమందామని నా ఆలోచన. అలాంటి చోట ఏటా అద్దె కట్టాల్సిన సాఫ్ట్‌వేర్ పెట్టకూడదు. దొంగ కాపీ అసలే పెట్టకూడదు. లినక్స్ తప్ప నాకు వేరే దారి కనపడలేదు, వేరే దారి కావాలనీ అనిపించలేదు.

కంప్యూటర్ పాతది. నాలుగు కోర్ల ప్రాసెసరు, ఎనిమిది జీబీ మెమరీ. దాని మీద డెబియన్ 13 ఎక్కించాను. లినక్సులో సౌండ్ పని అంటే ఒకప్పుడు జనం జడుసుకునేవారు, అందులో అబద్ధం లేదు. అడుగున హార్డ్‌వేర్‌తో మాట్లాడేది ఆల్సా. ఇంట్లో పాటలకీ సినిమాలకీ పల్స్ ఆడియో. స్టూడియో పనికి జాక్. ఈ చివరి రెండిటికీ పొసగేది కాదు, ఒకటి సౌండు పెట్టెని పట్టుకుంటే రెండోదానికి దక్కేది కాదు. విమ్ టైమాన్స్ రాసిన పైప్‌వైర్ వచ్చాక ఆ తగువు తీరింది. 2023 నవంబరులో దానికి 1.0 వచ్చింది. జాక్ కోసం రాసిన సాఫ్ట్‌వేర్ ఏదైనా, కింద ఉన్నది జాక్ కాదని తెలియకుండానే హాయిగా నడిచిపోతుంది. దాని పైన, రికార్డింగుకి ఆర్డౌర్. జాక్‌నీ ఆర్డౌర్‌నీ మొదలుపెట్టినవాడు పాల్ డేవిస్ ఒక్కడే. ఒక మనిషి పాతికేళ్ళు ఒకే పని మీద కూర్చోవడమంటే నాకు గౌరవం. తాతయ్య ముందు కూర్చున్నప్పుడూ నాకు అదే గౌరవం.

గది సంగతి చెప్పాలి. నాలుగు నులక మంచాలు నిలువుగా నిలబెట్టి, వాటి మీద బొంతలు కప్పాం. ఫ్యాను ఆపేశాం. కిటికీ సందుల్లో పాత చీరలు కుక్కాం. మైకుకి 48 వోల్టులు ఇచ్చే రెండు ఇన్‌పుట్ల యూఎస్‌బీ పెట్టె ఒకటి, దాని హెడ్‌ఫోను రంధ్రానికి రెండు కొమ్మల తీగ. ఒక కొమ్మ ఆయనకి, ఒకటి నాకు. తాతయ్య భార్య టీ కావాలా అని అడగడానికి కూడా గుమ్మంలోంచి గ్లాసు చూపించి సైగ చేసేది. మైకు ఉంది కదా, గొంతు పడుతుందని అలా చేస్తోందనుకుని, ఎంత తెలిసిన మనిషి అని ముచ్చటపడ్డాను.

మొదటి శనివారం అన్నదమ్ములిద్దరినీ కలిపే పట్టాను. తాళం ఎక్కడా జారలేదు. కథ పరుగు మీదున్నప్పుడు అన్న ఇలా తల విసిరితే తమ్ముడి చెయ్యి అలా పడేది. కానీ ఇంత చిన్న గదిలో డక్కీ మోత గొంతు మైకులోకి దూరిపోయింది, మాట నలిగింది. విడివిడిగా పట్టక తప్పదనిపించింది. మర్నాడు డక్కీ ఒక్కటే పట్టాం. అన్న ఎదురుగా నిలబడి గొంతు విప్పకుండా కథని పెదాలతో చెప్పాడు. తమ్ముడు ఆ పెదాలు చూస్తూ గంటన్నర వాయించాడు. గదిలో డక్కీ తప్ప చప్పుడు లేదు. నేను అంత అందమైన దృశ్యం ఈ మధ్య చూడలేదు. సాయంత్రం తమ్ముడు బస్సెక్కి తన ఊరెళ్ళిపోయాడు.

కష్టం రెండో శనివారం మొదలైంది.

తాతయ్యకి హెడ్‌ఫోన్లు పెట్టాను. వాటిలో తమ్ముడి డక్కీ వస్తుంది, దాని మీద ఈయన కథ చెప్పాలి. తంబూరా మీటు మైకులో పడుతోంది, ఈ ఒక్కసారికి దించెయ్యమన్నాను. దించనన్నాడు. నేను బతిమాలాను. "ఇది దించితే శ్రుతి ఎక్కణ్ణుంచి వస్తుంది?" అన్నాడు. శ్రుతి హెడ్‌ఫోన్లలో ఇస్తానన్నాను. వినలేదు. తంబూరా బుర్రని మెడ కిందికి, ఎముకకి ఆనించుకుని మొదలుపెట్టాడు. నేను ఒకటి, రెండు, మూడు అని వేళ్ళు చూపించాను, ఆయన అందుకున్నాడు.

శ్రుతి చెక్కు చెదరలేదు. తాళం జారింది. మొదట్లో సరిగ్గానే ఉండి, నాలుగైదు నిమిషాలకోసారి వెనకబడి, మళ్ళీ వచ్చి కలిసేవాడు. ఆయన బొటనవేలి అందె చప్పుడు తెర మీద సన్నటి ముల్లులా కనపడుతుంది. డక్కీ ముల్లు పక్కన దాన్ని పెట్టి చూశాను. ఒకచోట 90 మిల్లీసెకన్లు, ఇంకోచోట 200. అరవై ఏళ్ళు కథ చెప్పిన చెయ్యి అది. దాన్ని శంకించాలన్న ఆలోచనే నాకు రాలేదు. తప్పు కంప్యూటర్‌దే అనుకున్నాను.

"వినిపిస్తోందా తాతయ్యా?"

"గంట కొట్టినట్టు వినిపిస్తోంది అబ్బాయ్. నీ మిషనే ఎక్కడో తడబడుతోంది."

కంప్యూటర్ ధ్వనిని చెంబుతో నీళ్ళు తోడినట్టు దఫదఫాలుగా తీసుకుంటుంది. ఆ చెంబే బఫరు. సెకనుకి 48,000 నమూనాల లెక్కన, బఫరు 1024 అయితే ఒక్కో చెంబు నిండడానికి 21 మిల్లీసెకన్లు. లోపలికొకటి, బయటికొకటి, మొత్తం 43 దాకా. గాల్లో ధ్వని సెకనుకి 343 మీటర్లు పోతుంది. అంటే తన గొంతు తనకే యాభై అడుగుల అవతల నుంచి వినిపించినట్టు. ఏ కథకుడూ అలా చెప్పలేడు. బఫరు 256కి దించాను, 128కి దించాను. చెంబు చిన్నదయ్యేకొద్దీ తోడే చెయ్యి ఒక్క క్షణం ఏమరినా ధార తెగుతుంది. ఆ తెగడాన్ని ఎక్స్‌రన్ అంటారు, చెవికి చిటుక్కుమంటుంది. పైప్‌వైర్‌తో వచ్చే చిన్న పట్టికలో ఎన్నిసార్లు తెగిందో అంకె పెరుగుతుంటుంది. మూడో శనివారం నుంచి నా కన్ను ఆ అంకె మీదే.

తన గొంతు కంప్యూటర్ దాకా పోయి రాకుండా పెట్టెలోంచే తిరిగి వచ్చేట్టు మీట తిప్పాను. తాళం జారింది. ఆడియో గ్రూపులో నా ఖాతా చేర్చి, రియల్‌టైమ్ ప్రాధాన్యం 95కి పెంచి, మెమరీ తాళం వేసుకోవడానికి హద్దు తీసేశాను. ప్రాసెసరు కునుకు తీయకుండా ఎప్పుడూ పూర్తి వేగంలో ఉండమన్నాను. వైఫై ముక్క పీకేశాను, అదీ సౌండు పెట్టే ఒకే యూఎస్‌బీ కొమ్మ మీదున్నాయి మరి. ఎక్స్‌రన్లు గంటకి రెండో మూడో అయ్యాయి. తాళం మాత్రం జారుతూనే ఉంది.

నాలుగో శనివారం రియల్‌టైమ్ కెర్నెల్ వేశాను. ఈ పని ఇరవై ఏళ్ళు లినక్స్ బయట ప్యాచ్‌గా బతికి, 2024లో 6.12తో అసలు కెర్నెల్‌లో కలిసింది. డెబియన్ 13లో ఆ కూర్పు ఒక్క ప్యాకేజీగా దొరుకుతుంది. రియల్‌టైమ్ అంటే వేగం అనుకుంటారు చాలామంది. వేగం కాదు, మాట తప్పకపోవడం. డక్కీ వాయించేవాడు గబగబా వాయించక్కర్లేదు, దెబ్బ పడాల్సిన చోట పడాలి. కెర్నెల్ మారాక బఫరు 64కి దించినా ఎక్స్‌రన్ల అంకె సున్నా మీద నిలబడిపోయింది. రెండు గంటలు సున్నా. ఆ సున్నాని నేను ఎంత ప్రేమగా చూశానో చెప్పలేను.

ఆ రెండు గంటల్లోనూ తాతయ్య తొమ్మిదిసార్లు జారాడు.

ఇక్కడ ఒక గుర్తు దొరికింది. పాడుతుండగా నేను మధ్యమధ్య అంకె చూసుకుని, చూసినప్పుడల్లా ఆర్డౌర్‌లో ఒక మీట నొక్కి కాలరేఖ మీద చిన్న జెండా పెట్టేవాణ్ణి. ఆ రాత్రి అందరూ పడుకున్నాక కూర్చుని లెక్క చూస్తే, జారిన తొమ్మిది చోట్లా నా జెండా ఉంది. జెండా పడిన రెండు మూడు సెకన్లకే ఆయన వెనకబడుతున్నాడు. దొంగ దొరికాడనుకున్నాను. నేను మీట నొక్కినప్పుడు తెర మీద బొమ్మ మళ్ళీ గీయాలి. ఆ గీతకి గ్రాఫిక్స్ డ్రైవరు కాలం మింగేస్తోంది, ఎక్స్‌రన్ లెక్కకి అందకుండా మింగేస్తోంది. ఐదో శనివారమంతా డ్రైవరు మార్చడానికే సరిపోయింది. తాతయ్య ఓపిగ్గా నిలబడ్డాడు. జెండాల దగ్గర జారుతూనే ఉన్నాడు. ఒకసారి మాత్రం, "నువ్వు అటు చూడకు అబ్బాయ్, ఇటు చూడు, కథ బాగుంటుంది" అన్నాడు. వింటున్నాను తాతయ్యా అన్నాను.

ఆరో శనివారం ఆఖరి పరీక్ష పెట్టుకున్నాను. సౌండు పెట్టె తీగలన్నీ పీకేసి, దాని అవుట్‌పుట్‌లోంచి ఒక కేబులు తీసి తన ఇన్‌పుట్‌లోనే గుచ్చాను. ఒక ధ్వని పంపి, అది చుట్టి రావడానికి ఎన్ని నమూనాలు పట్టిందో కొలవడం. యంత్రంలో తడబాటుంటే కొలిచిన ప్రతిసారీ అంకె మారాలి. పదిసార్లు కొలిచాను. ఏడు మిల్లీసెకన్లు, పదిసార్లూ ఒక్క నమూనా తేడా లేకుండా అదే అంకె. ఏడు మిల్లీసెకన్లంటే ఎనిమిది అడుగులు. పందిట్లో కథకుడికీ వంతకీ మధ్య అంతకన్నా ఎక్కువ ఎడమున్న రోజులుంటాయి. ఆ అంకెని ఆర్డౌర్‌కి చెప్పాను. ఇంక చూడాల్సింది ఏమీ లేదు. తీగలు మళ్ళీ గుచ్చి, పట్టిక మూసేసి, తెర కూడా ఆర్పేశాను. వెనక్కి వాలి కూర్చుని, తాతయ్యకి మూడు వేళ్ళు చూపించాను.

తాండ్ర పాపారాయుడు కోటకి తిరిగొచ్చే ఘట్టం. నా హెడ్‌ఫోన్లలో తమ్ముడి డక్కీ, ఎదురుగా అన్న గొంతు. చూడాల్సిన తెర లేదు కాబట్టి నేను ఆయన్నే చూశాను. ఎప్పుడు మొదలైందో తెలీదు, నా చెయ్యి తొడ మీద తాళం వేస్తోంది, తల ఊగుతోంది. ఆయన కళ్ళు నా చేతి మీదున్నాయి. ఘట్టం నలభై నిమిషాలు. ఒక్క అడుగు అందించడానికి నాకు గొంతు లేదుగానీ ఉంటే నేనూ తందాన అనేవాణ్ణే. కోట కూలేచోట గుమ్మంలో ఆయన భార్య కొంగు నోటికడ్డం పెట్టుకుని నిలబడిపోయింది.

అయ్యాక తెర వెలిగించి చూశాను. అందె ముల్లు, డక్కీ ముల్లు, మొదటి నుంచి చివరిదాకా జోడెద్దుల్లా పక్కపక్కనే. నలభై నిమిషాల్లో ఒక్క చోట జారలేదు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఎలా వినిపించింది తాతయ్యా?"

"గంట కొట్టినట్టుంది అబ్బాయ్! తమ్ముడు పక్కన నిలబడి వాయించినట్టే ఉంది. నీ మిషను దారిలో పడింది."

ఆయన చెవుల మీంచి హెడ్‌ఫోన్లు నేనే తీశాను. తీగ చుడదామని లాగితే సులువుగా వచ్చేసింది. దాని పిన్ను కింద చాప మీద పడి ఉంది. పొద్దున్న తీగలన్నీ పీకినప్పుడు పీకింది. తిరిగి గుచ్చింది నా కొమ్మ ఒక్కటే. ఆయన కొమ్మ ఖాళీగా ఉంది.

నేను పిన్ను వైపు చూశాను. ఆ చూపు ఎటు పోయిందో ఆయన చూశాడు. మనుషుల మొహాలు చూడటంలో ఆయన కన్ను అసలు తప్పదని నాకు అప్పుడు తెలిసింది. తంబూరా మెల్లిగా గోడకి ఆనించాడు. భార్య గుమ్మంలోంచి లోపలికెళ్ళిపోయింది.

తొమ్మిది జెండాలు గుర్తొచ్చాయి. జెండా పెట్టడానికి నేను ప్రతిసారీ తెర వైపు తల తిప్పాను.

"మూడేళ్ళయింది," అన్నాడు. "ముందు ఎడమది పోయింది, తర్వాత కుడిది. శ్రుతికి భయం లేదు, బుర్ర ఎముకకి ఆనితే తెలుస్తుంది. తాళానికే ఎవరో ఒకరి చెయ్యి కావాలి." కాసేపు తన బొటనవేలి అందె తిప్పుకున్నాడు. "మావాడికి చెప్పకు. తెలిస్తే వాడు ఇంక నా కథ విని వాయించడు. నన్ను చూసి వాయిస్తాడు."

"చెప్పను తాతయ్యా," అన్నాను. ఆయన మొహం చూడలేక, చాప మీద పిన్ను తీసే వంకతో తల వంచుకుని అన్నాను.

గదిలో కాసేపు చప్పుడు లేదు.

"ఏమన్నావు అబ్బాయ్?" అన్నాడు.